బ్రతికిన కాలేజీ: ఎడ్వర్డు బాల్ఫరు దొరగారి జీవితము

చెన్నపట్టణము చూచి వచ్చిన మన తాతలు అచటి రెండు కాలేజీలను గూర్చి ముచ్చటగా చెప్పుచుండెడివారు. ఒకటి చచ్చిన కాలేజీ, రెండవది బ్రతికిన కాలేజీ. ఎగ్మూరునందలి ప్రదర్శనశాలలో శిలలు, ఎముకలు, గడ్డి కూరి నిలిపిన పక్షులు, మృగములు ఉండుటచే అది చచ్చిన కాలేజీ. పీపుల్సు పార్కు అను ఉద్యానవనమునందు సజీవములగు జంతువులు సంచరించుచుండుటచే అది బ్రతికిన కాలేజీ. ప్రదర్శనశాల మొట్టమొదట సెయింటు జార్జి కోట కళాశాలా భవనమున నెలకొల్పబడినందున సామాన్యజనులు దానిని కాలేజీ యని పిలువ మొదలిడిరనియు, జంతుశాల దానినుండి పుట్టినందున దానికిని ఆ పేరే నిలిచెననియు చెప్పుదురు. పేరెట్లు వచ్చినను అది మిగుల సార్థకమైన పేరు. అక్షరము రానివాడును ప్రవేశింపదగిన కాలేజీ యది. అందు హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు. ఈ రెండు కాలేజీలకును పునాది వేసిన పురుషుడు ఎడ్వర్డు గ్రీన్ బాల్ఫరు అను వైద్యుడు. ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

బాల్ఫరు 1813 వ సంవత్సరము సెప్టెంబరు 6 వ తేదీన స్కాట్లండు దేశపు తూర్పు తీరమున నున్న మాంట్రోజు పట్టణమున జన్మించెను. తండ్రి కాప్టెను జార్జి బాల్ఫరు తూర్పు ఇండియా కంపెనీవారి నౌకాదళమున పనిచేసినవాడు. తల్లి సూసన్ హ్యూము. ఆమె సోదరుడు జోసఫ్ హ్యూము ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడై, ప్రభుత్వపు దుబారాను ఖండించుచు, ప్రజల హక్కులకై వాదించి ప్రసిద్ధి గాంచెను. బాలుడు మాంట్రోజు పాఠశాలలో చదివి, పిమ్మట ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1833 లో శస్త్రవైద్యుడుగా పట్టము పొందెను. మరుసటి సంవత్సరము హిందూదేశమునకు పయనమయ్యెను.

నాటి ప్రయాణములు నెలలకొలది సాగెడివి. త్రోవలో ఓడ మారిషసు ద్వీపమున నాగెను. ఒకప్పుడు దట్టమగు అడవులతో నిండియుండిన ఆ ద్వీపమున చెట్లు నరుకబడి, భూమి బోడియై, నీటి వసతులు క్షీణించుచుండుటను ఆయన గమనించెను. ఈ దృశ్యము ఆయన మనస్సున గాఢముగ నాటుకొనెను. చూచినదానిని మరువక, దానికి కారణమేమని యడుగుట ఆయన స్వభావము. ఆయన చేసిన గొప్పపనులన్నింటికిని ఈ స్వభావమే మూలము.

1836 లో బాల్ఫరు చెన్నపురి సైన్యమున సహాయవైద్యుడుగా చేరెను. దండుతో ఊరూర తిరుగుచు రోగులను చూచుటతోనే ఆయన తృప్తిపడలేదు. హిందుస్థానీ, పారసీక భాషలను శ్రద్ధతో నేర్చెను. మజిలీల దగ్గర కనబడు సంచారజాతుల జీవనవిధానమును పరిశీలించి వ్యాసము వ్రాసెను. ఏ కంటోన్మెంటున ఎందరు సిపాయీలు జబ్బుపడుచున్నారు, ఎందరు చనిపోవుచున్నారు అను లెక్కలను కూర్చి, సైనికుల ఆరోగ్యమును కాపాడు మార్గములను గూర్చి 1845 లో గ్రంథము ప్రకటించెను. చెట్లు వానలను రప్పించుటకును, భూమియందు తేమను నిలుపుటకును తోడ్పడునని విశదీకరించు వ్యాసమును 1849 లో చెన్నపురి పత్రికలో వెలువరించెను. అడవులు పోయిన కరవు వచ్చునని, కరవు వచ్చిన రోగములు ప్రబలునని ఆయన యెరిగెను. వైద్యుడు రోగి నాడిని మాత్రమే చూచిన చాలదు, రోగి యుండు ఊరిని, ఆ ఊరి నీటిని, నేలను, చెట్టును చూడవలెనని ఆయన మతము. 1856 లో చెన్నపురి రాజధానియందు అడవుల శాఖ యేర్పడి, క్లెగ్‌హార్ను అను మరియొక వైద్యుడు దానికి అధిపతి యగునాటికి ఇట్టి తలపులు ప్రభుత్వమువారి చెవిని సోకియే యుండెను.

1850 ప్రాంతమున ఆయన చెన్నపట్టణమునకు వచ్చెను. అప్పుడు చేపాకమునందు కర్ణాటక నవాబు గులాం గౌస్ ఖాన్ నివసించుచుండెను. ఆ నవాబు పారసీకమున కవి. కవులను గూర్చి గ్రంథములు వ్రాసినవాడు. బాల్ఫరు కొంతకాలము నవాబు దర్బారునొద్ద ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసెను. పారసీక కవిత్వమునందలి యభిరుచి ఈ యిరువురకును సమానము. ఆ దినములలోనే బాల్ఫరు పారసీక హిందుస్థానీ పద్యముల సంకలనమొకటి అచ్చొత్తించెను. నగరమందలి మహమ్మదీయులు చదువుకొనుటకు ఒక గ్రంథాలయమును నెలకొల్పించెను. అధికారమును చూచి వంగుట వేరు, స్నేహమును చూచి మనసిచ్చుట వేరు. నవాబు చూపిన స్నేహము తరువాత ఎట్టి ఫలమిచ్చెనో ముందు తెలియగలదు.

ఆ కాలముననే ప్రభుత్వమువారు చెన్నపట్టణమున ఒక ప్రదర్శనశాలను స్థాపింప నిశ్చయించి, దాని భారమును బాల్ఫరుకు అప్పగించిరి. 1851 లో అది కోట కళాశాలా భవనమున తెరువబడెను. చెన్నపురి సాహిత్యసంఘమువారు ఇచ్చిన 1,100 శిలాఖనిజముల నమూనాలే దాని మొదటి పెట్టుబడి. బాల్ఫరు వైద్యోద్యోగము మానలేదు. ఆ పనితోబాటు ఈ పనియు నెత్తికెత్తుకొనెను. జిల్లాల అధికారులకును, మిత్రులకును జాబులు వ్రాసి, రాళ్లు, లోహములు, కలప, విత్తనములు, గవ్వలు, పక్షుల చర్మములు, పనిముట్లు తెప్పించెను. వస్తువులు వేలకొలది కాగా ఆ భవనము చాలక, 1854 లో ప్రదర్శనశాల ఎగ్మూరునందలి పాంథియన్ అను విశాలమైన భవనమునకు మార్చబడెను. నేటికిని అది ఆ యావరణముననే యున్నది.

శాల నిండినది. కాని యొక చిక్కు మిగిలియుండెను. ఎవరి నిమిత్తము ఈ శాల? పండితులు కొందరు వచ్చి రాళ్లను చూచి వ్రాసికొని పోవుట బాల్ఫరుకు చాలదు. ఈ శాల సామాన్య ప్రజకు బడి కావలెనని ఆయన కోరిక. సంత చేసికొనుటకు వచ్చిన రైతును, బండి తోలువానిని, బడికి పోని పిల్లవానిని లోపలికి రప్పించుట యెట్లు? ఎర్రరాతికిని నల్లరాతికిని గల భేదము వివరింతము రండని పిలిచిన వచ్చువారెందరు? ఆయన వచ్చిపోవువారి సంఖ్యను లెక్కింపించుచుండెను. ఏది చూచుటకు జనము మూగుచున్నారో కనిపెట్టుచుండెను. ప్రాణమున్న జంతువు ఎచ్చట నున్న అచ్చట జనము గుమిగూడుదురని ఆయనకు స్పష్టమయ్యెను.

నాటివరకు మన దేశమున మృగములను పెంచుట చాలవరకు రాజులకు, నవాబులకు, సంపన్నులకు చెల్లిన వినోదము. సామాన్యుడు గోడ వెలుపల నిలిచి పులి గాండ్రింపు వినుటయే గాని పులిని చూచుట లేదు. లండను నగరమునందును జంతుశాల 1828 లో తెరువబడినప్పుడు సంఘసభ్యులకే ప్రవేశముండెను. రుసుమిచ్చిన వారెవరైనను చూడవచ్చుననుట 1847 లో గాని జరుగలేదు. ఇట్టి కాలమున బాల్ఫరు తన స్నేహితుడగు నవాబు నొద్దకు పోయి, ఆయన పెంచుకొనుచున్న జంతువులనన్నిటిని ప్రజల శాలకు దానమిమ్మని యొప్పించెను. నవాబు తన జంతుసంపదను సంపూర్ణముగ నొసగెను. వానితో 1855 లో ప్రదర్శనశాలా ప్రాంగణముననే జంతుశాల వెలసెను. సంవత్సరము తిరుగకమునుపే, 1855 అక్టోబరున, నవాబు మరణించెను. ఆయనతో కర్ణాటక నవాబు బిరుదమును అంతరించెను. దర్బారు పోయినది, దానము నిలిచినది. మరుసటి యేటికి అందు చతుష్పాదులు, పక్షులు, సరీసృపములు కలిసి 300 లకు మించియుండెను. కలకత్తాలో ఆలీపూరు జంతుశాల తెరువబడుటకు ఇది ఇంచుమించు 20 ఏండ్లు ముందు.

ఈ యేర్పాటునందలి యుక్తిని చదువరులు గమనింపవలెను. జంతుశాల ప్రదర్శనశాలకు దూరముగ కట్టబడలేదు. రెండును ఒకే యావరణమున నుండెను. వెలుపల ప్రాణముతో తిరుగు మృగమును చూచినవాడు, లోపలికి పోయి ఎముకల పొందికను చూడవచ్చును. లోపల గ్రద్ద ముక్కును చూచినవాడు, వెలుపలికి వచ్చి ఆ ముక్కుతో పక్షి మాంసమును చీల్చుటను చూడవచ్చును. జంతువును చూడవచ్చినవాడు రాతిని చూడకపోడు, రాతిని చూడవచ్చినవాడు జంతువును విడువడు. ఎర వేసి చేపను పట్టునట్లు బాల్ఫరు కుతూహలమను ఎరతో ప్రజలను జ్ఞానమువైపునకు లాగెను.

ఇది వట్టి వేడుక గాని చదువు కాదని కొందరనవచ్చును. పంజరము ముందు నిలిచి కోతి చేష్టలకు నవ్వి పోవువారు ఆనాడునూ గలరు, ఈనాడునూ గలరు. కాని చూపు లేక చదువు లేదు. ఉపాధ్యాయులకు ఈ సంగతి బాగుగా తెలియును. ఒంటె పాదము వెడల్పుగ నుండునని పుస్తకమున పదిసారులు చదివిన బాలుడు మరచిపోవచ్చును. ఆ పాదము నేలపై పరచుకొనుటను ఒక్కసారి చూచినవాడు మరువడు. జింకకు కన్నులు ప్రక్కలకును, పులికి ముందునకును ఉండుటయేల? చిలుక ముక్కు వంకరగను, కొంగ ముక్కు పొడవుగను ఉండుటయేల? తాబేలు నీట మునిగి మరల తల యెత్తుటయేల? ప్రతి ప్రశ్నయు ఒక పాఠము. చూచుట యెట్లో నేర్పువాడు ప్రక్కన నుండినచో వేడుకయే విద్యయగును.

మరియొక మాటయు నిజాయితీగా చెప్పవలెను. ఆ కాలపు జంతుశాలలు నేటివంటివి కావు. ఇనుప ఊచల ఇరుకు పంజరములే నాటి పద్ధతి. అడవిలో ఆమడలు తిరుగు మృగము నాలుగడుగుల మేర తిరుగుచుండిన దాని బాధ యేమని విచారించినవారు అరుదు. జనులకు జ్ఞానము నేర్పుటకై మూగజీవిని నొప్పింపరాదను భావము తరువాత తరములవారికి క్రమముగ కలిగెను. బాల్ఫరు వేసిన విత్తు మంచిదే, దానికి తగిన నేలను దున్నుట తరువాతివారి వంతయ్యెను.

ఒక్క చెన్నపట్టణమునకే జ్ఞానము పరిమితము కారాదని బాల్ఫరు తలచెను. ఆయన ప్రోత్సాహమున రాజమహేంద్రవరము, బళ్లారి మొదలగు పట్టణములందును చిన్న ప్రదర్శనశాలలు వెలసెను. అవి చిరకాలము నిలువకపోయినను, గోదావరితీరపు బాలునికి కూడ తన ఊరనే ఇట్టి శాల యుండవలెనను తలంపు ఆనాడే పుట్టుట మనము స్మరింపదగినది. గుంటూరు మండలమున వాల్టరు ఎలియట్ దొర 1845 లో త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్పించిన అమరావతి శిల్పములు ఎండకు వానకు గురియగుచుండగా, బాల్ఫరు వానియెడ శ్రద్ధ వహించెను. ప్రదర్శనశాలయందున్న ఆ శిల్పములకు కాప్టెను లినీయస్ ట్రైపు 1858 లో ఛాయాపటములు తీసెను. మరుసటి యేట వానిలో పెక్కు శిల్పములు లండనుకు తరలింపబడెను. ఆ ఛాయాపటములు మాత్రము మన పూర్వుల చేతిపనికి సాక్ష్యముగ నిలిచియున్నవి.

1859 లో బాల్ఫరు ప్రదర్శనశాల బాధ్యతను విడిచెను. ఆ కాలముననే గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవీలియన్ పట్టణప్రజలకు విహారస్థలముగా పీపుల్సు పార్కును ఏర్పరచెను. కొలదికాలములోనే జంతుశాల నగరపాలక సంఘమువారి వశమై ఆ ఉద్యానమునకు చేరెను. అప్పటినుండి నూరేండ్లకు పైగా సెంట్రల్ స్టేషనున దిగిన పల్లెటూరివారు బ్రతికిన కాలేజీని చూడక ఇల్లు చేరినవారు అరుదు.

బాల్ఫరు చేసిన తక్కిన పనులును ఈ త్రోవనే నడచినవి. ఈ దేశపు మృగములు, వృక్షములు, ఖనిజములు, జాతులు, వృత్తులు అన్నింటిని అక్షరక్రమమున వివరించు మహాగ్రంథమును ఆయన 1857 లో చెన్నపట్టణమున ప్రకటించెను. రెండవ ముద్రణము 1871 మొదలు 1873 వరకు 5 సంపుటములుగను, మూడవది 1885 లో 3 సంపుటములుగను వెలువడెను. ఒక్కడే మనుష్యుడు ఉద్యోగభారము వహించుచు దాదాపు 30 ఏండ్లు ఇట్టి గ్రంథమును పెంచి, దిద్ది, మరల పెంచుట సామాన్యమగు పని కాదు.

ఇంతకంటెను మనకు దగ్గరగు సంగతి యొకటి కలదు. పురిటి సమయమున తగిన సహాయము లేక తల్లులు మరణించుట ఆ కాలమున మిక్కుటము. గ్రామముల మంత్రసానులకు ఆంగ్లగ్రంథములు తెలియవు. బాల్ఫరు డాక్టరు కాంక్వెస్టు రచించిన ప్రసూతిశాస్త్రమును హిందుస్థానీలోనికి తాను మార్చి, తమిళము, తెలుగు, కన్నడము భాషలలోనికి ఇతరులచే మార్పించి, తన స్వంత ధనముతో అచ్చొత్తించెను. తెలిసినదానిని తెలియనివారి భాషలోనికి దింపుటయే ఆయన దృష్టిలో విద్యాదానము.

1871 లో ఆయన చెన్నపురి రాజధానికి సర్జను జనరలు పదవి పొందెను. ఘోషాయందుండు స్త్రీలు రోగము ముదిరి ప్రాణము పోవుచున్నను పురుషవైద్యుని చూడనొల్లరని ఆయన చాలకాలముగ నెరుగును. స్త్రీలకు స్త్రీలే వైద్యులు కావలెనన్నచో వారికి వైద్యకళాశాల తలుపులు తెరువవలెను. నాటికి ఇంగ్లండులోనే స్త్రీలు వైద్యవిద్యకై పోరాడుచుండిరి. బాల్ఫరు 1872 లో ఈ విషయమై ప్రభుత్వమువారికి వ్రాసెను. 1875 లో చెన్నపురి వైద్యకళాశాలయందు నలుగురు స్త్రీలు చేర్చుకొనబడిరి. వారిలో మేరీ షార్లీబు ఒకతె. ఆమె తరువాత చెన్నపట్టణమున ఘోషా స్త్రీల వైద్యశాలకు మూలకారకురాలయ్యెను. ఈ పాఠశాలలో చదివి వైద్యవృత్తిని కోరు బాలికలెల్లరును ఆ 1875 వ సంవత్సరమును గుర్తుంచుకొనదగును.

మరుసటి యేట, 1876 లో, నలుబదియేండ్ల సేవ ముగించి బాల్ఫరు స్వదేశమునకు మరలెను. వృద్ధాప్యమునను తన మహాగ్రంథపు మూడవ ముద్రణమును సిద్ధపరచి, 1889 వ సంవత్సరము డిసెంబరు 8 వ తేదీన లండనులో పరమపదించెను. వైద్యవిద్య నభ్యసించు స్త్రీలను ప్రోత్సహించుటకై ఆయన పేర చెన్నపురి విశ్వవిద్యాలయమున ఒక బంగారు పతకము నెలకొల్పబడెను.

ఆయన నాటిన జంతుశాల పెరిగి పెరిగి పీపుల్సు పార్కున ఇముడకపోయెను. చుట్టును పట్టణము మూసికొని వచ్చుటచే జంతువులకు తావు లేకపోయెను. అందుచే అది నగరమునకు వెలుపల వండలూరునందలి అడవి ప్రాంతమునకు మార్చబడి, 1985 జూలై 24 వ తేదీన తెరువబడెను. అచట ఇరుకు పంజరములకు బదులు కందకములతో హద్దు లేర్పరచిన విశాలమైన ఆవరణములు కలవు. మన తెలుగునాట హైదరాబాదున 1963 లోను, విశాఖపట్టణమున 1977 లోను, తిరుపతిలో 1987 లోను ఇట్టి విశాలమైన జంతుశాలలు తెరువబడెను. ప్రతి సంవత్సరము అక్టోబరు మొదటి వారమున వన్యప్రాణి వారోత్సవములు జరుగును. విద్యార్థులకు చిత్రలేఖనము, వ్యాసరచన, వక్తృత్వము మొదలగు పోటీలు పెట్టుదురు. జంతువుల యలవాట్లను, అడవులను కాపాడవలసిన యావశ్యకతను తెలిసినవారు విడమరచి చెప్పుదురు. వండలూరునందు జంతుశాలా పాఠశాలయే కలదు. హైదరాబాదున కోరినవారు ఒక జంతువు పోషణకగు వ్యయమును భరించి దానిని దత్తత తీసికొనవచ్చును. నవాబు దానము వలన మొదలైన పని నేడు సామాన్యుని దానమువలన కూడ సాగుచున్నది.

ప్రియమైన బాలబాలికలారా, బాల్ఫరు చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది యేమి? ఆయన గొప్ప పండితుడు. కాని పాండిత్యమును పెట్టెలో పెట్టి తాళము వేయలేదు. రాయి చూచుటకు రానివానికి పులిని చూపెను. ఆంగ్లము రాని మంత్రసానికి తెలుగు పుస్తకమిచ్చెను. తలుపు మూసియున్న స్త్రీలకు తలుపు తెరిపించెను. తెలియనివారిని తెలివిలేనివారని నిందింపక, వారు ప్రవేశింపగల ద్వార మెక్కడనున్నదో వెదకెను. చదువుకొన్న ప్రతివాడును తన ఊరికి ఈ ఋణము తీర్పవలసియున్నాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. సెలవులలో పిల్లలను జంతుశాలకు తీసికొనిపోవునప్పుడు తొందరపెట్టి త్రిప్పక, ఒక జంతువు నొద్దనైనను పావుగంట నిలువనిండు. చూచినది ఇంటికి వచ్చి వ్రాయుమనుడు. పిల్లలారా, మీరు అచట రాళ్లు రువ్వకుడు, కేకలు వేసి మృగములను బెదరింపకుడు, మీ తినుబండారములను వానికి పెట్టకుడు. అవి మన వినోదమునకై పుట్టినవి కావు. మనకు పాఠము చెప్పుచున్న గురువులవలె వానియెడ మర్యాదతో నడువుడు. బ్రతికిన కాలేజీలో చేరుటకు వయస్సు లేదు, జాతి లేదు, చదువు అడ్డు లేదు. కన్నులు తెరచి చూచువాడే అందు ఉత్తీర్ణుడు.